అమ్మ గొంతున్న జాడీ

దగ్గరికి జరగండి పిల్లలూ. ఈ కథకి గట్టిగా 'ఊ' కొట్టకూడదు. పక్కవాడికి కూడా వినపడనంత మెల్లగా కొట్టాలి. ఎందుకో మీకే తెలుస్తుంది.

మన తాతల తాతలు పుట్టకముందు, ధ్వజపురి అనే రాజ్యాన్ని జయకేతుడనే రాజు ఏలేవాడు. ఆయన భార్య మాలినీదేవి. వాళ్ళకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు వీరకేతు, నడిమివాడు చంద్రకేతు, చిన్నవాడు పుష్పకేతు. రాజు మంచివాడే. కానీ ఒక పని చేద్దామని మనసులో పడిందంటే ఇక ఎవరి మాటా వినడు. అలాంటి మంచివాళ్ళతోనే తంటా అంతా.

ఆ ఊళ్ళో కంచరివాళ్ళు అరవై ఇళ్ళవాళ్ళుండేవారు. కంచుతో గిన్నెలూ, చెంబులూ, గంటలూ పోయడం వాళ్ళ పని. రాజు ఒక యుద్ధం గెలిచి వచ్చి, "మూడు ఏనుగులు లాగితే గానీ కదలనంత గంట పోయండి" అన్నాడు. పోశారు. కోట ముందు వేలాడదీశారు. ఆ రాజవంశంలో ఒక ఆచారం ఉంది. కొత్త గంట మొదటి దెబ్బకి ఇంట్లో చిన్నపిల్లవాణ్ణి దాని కింద కూర్చోబెడతారు. అలా కూర్చుంటే పిరికితనం పోతుందని నమ్మకం.

కంచరి పెద్ద వచ్చి రాజు కాళ్ళ మీద పడ్డాడు. "మహాప్రభో, ఇది పాత గంటల్లాంటిది కాదు. దీని దెబ్బకి మేమే చెవుల్లో దూది పెట్టుకుని దూరంగా నిలబడతాం. చిన్నబాబుని దీని కింద పెట్టకండి" అన్నాడు.

"చప్పుడుకి భయపడితే వాడు నా కొడుకెలా అవుతాడోయ్?" అన్నాడు రాజు.

ఏడేళ్ళ పుష్పకేతుని గంట కింద పీట వేసి కూర్చోబెట్టారు. పిల్లవాడు నవ్వుతూనే కూర్చున్నాడు. నలుగురు వస్తాదులు దూలం ఎత్తి గంటని కొట్టారు. ఊరంతా జయ జయ అని అరిచింది. చిన్నవాడు మాత్రం రెండు చేతులతో చెవులు పట్టుకుని పీట మీంచి పక్కకి ఒరిగిపోయాడు.

ఆ రోజు నుంచి వాడికి చప్పుడంటే నరకం. గరిట గిన్నెకి తగిలితే చెవిలో సూది గుచ్చినట్టుండేది. తలుపు వేస్తే తల పగిలినట్టుండేది. వాన పడితే మంచం కింద దూరి ఏడ్చేవాడు. ఆ ఏడుపు వాడి చెవులకే నొప్పి కాబట్టి ఏడుపు కూడా మింగేసేవాడు. ఏ చప్పుడూ లేనప్పుడు కూడా లోపల ఒక తుమ్మెద తిరుగుతూనే ఉండేది.

తప్పు తనదేనని రాజుకి తెలుసు. ఒప్పుకోవడం చేతకాలేదు. "గంట దోషంతో పోశారు" అని నెపం పెట్టి అరవై ఇళ్ళ కంచరివాళ్ళనీ ఊరు వెళ్ళగొట్టాడు. వాళ్ళ కొలుములు చల్లారిపోయాయి. ఈ మాట చెప్పేటప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది, కానీ కథ నడవాలి కదా.

ఇక వైద్యాలు మొదలయ్యాయి. ఆస్థాన వైద్యుడు వెల్లుల్లి వేసి కాచిన నువ్వుల నూనె చెవుల్లో పోశాడు. పది రోజులు హాయిగా ఉంది. పదకొండో రోజు మళ్ళీ మొదలు, ముందుకంటే ఎక్కువగా.

పెద్దన్న వీరకేతు అడవికి వెళ్ళి కొండతేనె మైనం తెచ్చాడు. దాన్ని చెవుల్లో కూరారు. పది రోజులు హాయిగా ఉంది. పదకొండో రోజు మళ్ళీ మొదలు, ముందుకంటే ఎక్కువగా.

నడిమి అన్న చంద్రకేతు భూమిలో ఒక గది తవ్వించాడు. గోడలకి దూది, నేలకి దూది, తలుపుకి దూది. తమ్ముణ్ణి అందులో పెట్టాడు. పది రోజులు హాయిగా ఉంది. పదకొండో రోజు చీమ నడిచినా నొప్పే.

ప్రతి సాయంత్రం మాలినీదేవి ఆ దూది తలుపు బయట గడప మీద కూర్చునేది. గొంతు దారమంత సన్నగా చేసుకుని కబుర్లు చెప్పేది. ఇవాళ ఏం వండిందో, పెద్దన్న గుర్రం మీంచి ఎలా పడ్డాడో, పెరట్లో ఎన్ని మల్లెలు పూశాయో. ఆఖరికి ఎప్పుడూ ఒకటే మాట: "అన్నం తిన్నావా, నాన్నా?" ఆ ఒక్క గొంతే వాడికి నొప్పి పెట్టేది కాదు. దూదిలోంచి దూరి కొడుకు దాకా ఎలా పోవాలో ఆ గొంతు ఏళ్ళ తరబడి నేర్చుకుంది.

పుష్పకేతుకి పధ్నాలుగేళ్ళు వచ్చినప్పుడు ఒకడు రాజు దగ్గరికి వచ్చాడు. పొడుగ్గా, సున్నంలా తెల్లగా ఉన్నాడు. నడిస్తే అడుగుల చప్పుడు లేదు. వీపున నాలుగు ఖాళీ జాడీలు.

"నన్ను మౌనసిద్ధుడంటారు. ఏడు సముద్రాల అవతల ఉంటాను. సంవత్సరానికి ఒక జాడీ నిండా చప్పుళ్ళు పట్టుకుపోతాను. నువ్వు 'ఇచ్చాను' అని మూడుసార్లు అంటే చాలు. నీ కొడుకు సుఖపడతాడు" అన్నాడు.

రాజు మొదటి సంవత్సరం లోహాల చప్పుడూ వాద్యాల చప్పుడూ ఇచ్చేశాడు. గుళ్ళో గంట ఊగేది, మోగేది కాదు. రెండో సంవత్సరం పశువుల అరుపులూ పక్షుల కూతలూ, గాలీ వానా ఏరూ చేసే చప్పుళ్ళూ ఇచ్చేశాడు. ఆవులు నోరు తెరిచి దూడల వైపు చూసేవి, అంతే. మూడో సంవత్సరం పిల్లల నవ్వులూ ఏడుపులూ ఇచ్చేశాడు. పసిబిడ్డ ఎప్పుడు ఏడుస్తోందో తెలియక తల్లులు ఉయ్యాలకి ఒక దారం కట్టి, రెండో కొస తమ మణికట్టుకి కట్టుకుని తిరిగేవారు. గడప మీది రాణి తప్ప పెద్దవాళ్ళెవరూ మాట్లాడకూడదని ముందే ఆజ్ఞ ఉంది. అందరూ చేతులతో సైగలు చేసుకునేవారు.

అంత చేసినా ప్రతిసారీ పది రోజుల హాయే.

నాలుగో సంవత్సరం సిద్ధుడు వచ్చి, "ఇంకొక్క చప్పుడు మిగిలింది. అది పోతే పూర్తిగా నయం. రాణిగారి గొంతు" అన్నాడు. రాజు భార్యని అడగలేదు. కొడుకునీ అడగలేదు. ఇచ్చాను, ఇచ్చాను, ఇచ్చాను అన్నాడు.

ఆ సాయంత్రం మాలినీదేవి గడప మీద కూర్చుంది. పెదవులు కదిలాయి. ఏమీ రాలేదు. గొంతు పట్టుకుంది. మళ్ళీ ప్రయత్నించింది. రాలేదు. తలుపు తీసి కొడుకు ముఖం చూసి, రెండు చేతులూ ఖాళీగా తిప్పి చూపించింది.

ఇక రాజ్యంలో తీసేయడానికి చప్పుడన్నదే లేదు. అప్పుడు పుష్పకేతుకి తన గుండె వినపడింది, డోలు వాయించినట్టు. రెప్ప వేస్తే వినపడింది. నెత్తురు నరాల్లో పారుతుంటే వినపడింది. దాన్నుంచి పారిపోవడానికి ఏ గదీ లేదు. "నొప్పి నాతోనే ఉంది, అమ్మ గొంతు మాత్రం పోయింది" అనుకున్నాడు. వాడికి పదిహేడేళ్ళు. ఆ తెల్లవారుజామునే, చెప్తే వెళ్ళనివ్వదని అమ్మతో కూడా చెప్పకుండా, చెవుల్లో మైనం కూరుకుని బయల్దేరాడు.

వింటున్నారా? ఊ కొట్టండి, మెల్లగా.

ధ్వజపురి పొలిమేర దాటగానే బయటి లోకంలోని చప్పుళ్ళన్నీ ఒక్కసారి వాడి మీద పడ్డాయి. గాలి, ఆకులు, కాకులు, ఏరు. ఒక కలిమి పొద కింద ముడుచుకుని మూడు రోజులు పడి ఉన్నాడు. ఆ పొదలోనే ఒక చెవులపిల్లి, అదే కుందేలు, కాపురముంది.

"నా ఇంట్లోకి దూరి వణుకుతావేం? వణకడం నా పని" అంది చెవులపిల్లి.

"నాకు అన్నీ ఎక్కువగా వినిపిస్తాయి" అన్నాడు పుష్పకేతు.

"నా చెవులు చూశావా? నాకంటే ఎక్కువా? ముందు ఆ మైనం తీసెయ్. చెవులు మూసుకున్న రోజు నాకు ప్రతి ఆకూ పులిలాగే ఉంటుంది. తెరుచుకుని కూర్చుంటేనే ఏది ఆకో ఏది పులో తెలుస్తుంది."

"నొప్పి పుడుతుంది."

"పుడుతుంది మరి" అంది చెవులపిల్లి. అబద్ధం చెప్పే రకం కాదది. "సముద్రం ఒడ్డున కొందరున్నారు, పొద్దస్తమానం చప్పుడు చేస్తూనే ఉంటారు. వాళ్ళ బిడ్డలు ఆ చప్పుడులోనే నిద్రపోతారు. ఎలాగో వెళ్ళి అడుగు."

అలా పుష్పకేతు మొదటి సముద్రం ఒడ్డుకి చేరాడు. దూరంగా పాకలు, పొగ, సుత్తుల మోత. ఒక ముసలామె వచ్చి వాడి చెవి పోగులూ, చెవుల మీది చేతులూ చూసి ఎవరో పోల్చేసింది. ఆమె పేరు వీరమ్మ. రాజు కాళ్ళ మీద పడిన కంచరి పెద్ద ఆమె పెనిమిటే.

"నీ కోసమే గదరా మమ్మల్ని తరిమింది! అరవై ఇళ్ళోళ్ళం పిల్లాజెల్లాతో నడిచొచ్చాం. మా ముసలోడు దార్లోనే పోయాడు. ఇప్పుడేం మిగిలిందని వొచ్చావు?" అంది.

పుష్పకేతు చెవుల మీంచి చేతులు తీసి ఆమె కాళ్ళు పట్టుకున్నాడు. "అవ్వా, మా అమ్మ గొంతు తెచ్చుకోవాలి. ఏడు సముద్రాలు దాటాలి. ఈ ఒక్క సముద్రం హోరుకే నిలబడలేకపోతున్నాను" అన్నాడు.

వీరమ్మ వాడి భుజాలు పట్టి లేపింది. తర్వాత పాకలోకి తిరిగి, "గిరిజా! ఓ చాప పట్రా" అని కేకేసింది. గిరిజ ఆమె మనవరాలు. పుష్పకేతు వయసే. చేతుల నిండా నిప్పురవ్వల మచ్చలు.

"ఇను, రాచబిడ్డా. మా ఇళ్ళల్లో బిడ్డ పుడితే ఉయ్యాల కొలిమికి దూరంగా కడతాం. చప్పుడు ఈగ మూలిగినట్టు ఇనపడేంత దూరం. రోజుకో మూర ముందుకి జరుపుతాం. ఎనక్కి మాత్రం జరపం. బిడ్డ ఉలిక్కిపడిన రోజున అక్కడే ఉంచుతాం, అంతే. చివరికి సమ్మెట పక్కన పడుకోబెట్టినా బిడ్డ లేవదు. నువ్వు మూర మూర జరిగితే ముసలాడివైపోతావు గనక నీకు రోజుకో బార, రెండు చేతులూ చాపినంత. కొలిమికి నాలుగొందల బారల దూరంలో చాప వేస్తాం. మైనం ముట్టుకున్నావంటే మళ్ళీ మొదటికి."

మొదటి రోజు పళ్ళు బిగపట్టుకుని కూర్చున్నాడు. రెండో రోజూ అంతే. పదో రోజుకి ఆగలేక మైనం పెట్టుకున్నాడు. వీరమ్మ చూసింది. చాప తీసుకెళ్ళి మొదటి చోట వేసింది. రెండోసారి అరవై బారలు వచ్చాక ఒక ఉరుముకి భయపడి ఇసకలో తల దూర్చి మళ్ళీ మైనం పెట్టుకున్నాడు. చాప మళ్ళీ మొదటికి. మూడోసారి నూట ఇరవై బారలు వచ్చాక పెట్టుకున్నాడు. ఆ రోజు గిరిజకి కోపం వచ్చింది.

"నువ్వు చెవులు మూసుకుని కూర్చుంటే అవి నీకు చప్పుళ్ళెట్టా అవుతాయి, దయ్యాలవుతాయి గానీ! రేపట్నించి గంజి తెచ్చినప్పుడు నీకో మాట అడుగుతా. ఇయ్యాల్టి చప్పుళ్ళలో నీకు ఏది బాగుందో చెప్పాల. చెప్పకపోతే గంజి లేదు" అంది.

"ఒక్కటీ బాగుండదు."

"అయితే పస్తుండు."

రెండు రోజులు నిజంగానే పస్తున్నాడు. మూడో రోజు ఆకలికి చెవులు రిక్కించాడు. "కాలిన కంచు నీళ్ళలో ముంచినప్పుడు సుయ్‌మంటుంది. అది పరవాలేదు" అన్నాడు. గిరిజ గంజి ఇచ్చింది. మర్నాడు, "కొలిమితిత్తి గురక పెడుతుంది. మా పెద్దన్నలాగా" అన్నాడు. ఇంకొక రోజు, "నువ్వు గంజి జుర్రేటప్పుడు చప్పుడవుతుంది" అన్నాడు. గిరిజ సిగ్గుపడి ఆ రోజంతా వాడి ముందు గంజి తాగలేదు.

నొప్పి పోయిందనుకుంటున్నారా? పోలేదు. కొన్ని రోజులు తల దిమ్మెక్కి చాప మీదే పడి ఉండేవాడు. అలాంటి రోజు వీరమ్మ చాప కదిపేది కాదు. వెనక్కీ జరిపేది కాదు. నాలుగు వందల బారలు జరగడానికి రెండేళ్ళు పట్టింది. ఆఖరి రోజు వాడు సమ్మెట పక్కన కూర్చుని గంజి తాగాడు. చేతులు గంజి గిన్నె మీద ఉన్నాయి, చెవుల మీద లేవు.

"ఇక పో. ఆ సముద్రం మా కొలిమి కంటే ఏం గొప్పది కాదు" అంది వీరమ్మ.

ఒడ్డున అరుగంత వీపున్న ఒక ముసలి తాబేలు ఉంది. పుష్పకేతు చప్పుడు చేయకుండా నడిచే మనిషి కాబట్టి దానికి వాడంటే బెదురు లేదు. "ఎక్కు" అంది. మొదటి సముద్రం హోరుమంది. రెండోది ఇంకా హోరుమంది. మూడు, నాలుగు, అయిదు దాటారు. ఆరో సముద్రంలో వాడి చెవిలోంచి నెత్తురు చుక్క వచ్చింది. అయినా ఏది కెరటమో ఏది గాలో వేరు వేరుగా వింటూ కూర్చున్నాడు. ఏడోది దాటుతుండగా తాబేలు రహస్యం చెప్పింది.

"ఆ సిద్ధుడి ప్రాణం ఒక చిలకలో ఉంది. పుట్టినప్పటి నుంచీ అది ఒక్క మాట వినలేదు, ఒక్క మాట అనలేదు. అది నోరు విప్పిన రోజున వాడి ప్రాణం పోతుంది. పంజరం చుట్టూ ఏడు దూది బొంతలు కట్టి, దాన్ని మెడలో వేసుకుని తిరుగుతాడు."

"నేను వెళ్ళి దానితో మాట్లాడతాను."

"ఆ దీవి మీద ఎవరి మాటా పెదవి దాటదు నాయనా. జాడీల్లో ఉన్న చప్పుళ్ళకీ ఆ చిలకకీ తప్ప అక్కడ దేనికీ నోరు లేదు. వచ్చినవాళ్ళంతా అక్కడే ఓడిపోయారు" అంది తాబేలు.

దీవిలో అడుగుపెట్టగానే పుష్పకేతుకి తెలిసింది. అలలు ఒడ్డుకి కొట్టుకుంటున్నాయి, చప్పుడు లేదు. ఎక్కడ చూసినా జాడీలే, వరసలు వరసలుగా, కొండ దాకా. వాటి నడుమ నేల మీద సిద్ధుడు కూర్చున్నాడు, మెడలో బొంతలు కట్టిన పంజరంతో. రెండు చెవుల మీదా రెండు చేతులు ఉన్నాయి. పుష్పకేతు నిలబడిపోయాడు. పదేళ్ళు తను కూర్చున్న తీరు అదే.

సిద్ధుడు ఇసక మీద వేలితో రాశాడు: "నాకూ నీలాంటి చెవులే. మూడు వందల ఏళ్ళుగా లోకంలోని చప్పుళ్ళన్నీ పట్టి మూసేస్తున్నాను. ఇంకా నొప్పి పోలేదు. ఇంకా చాలా మిగిలాయి."

పుష్పకేతు రాశాడు: "తాతా, నాతో రండి. రోజుకో బార జరుగుదాం. నేను జరిగాను."

సిద్ధుడు అది చదివి తల అడ్డంగా ఊపాడు. ఇసక చెరిపి మళ్ళీ రాశాడు: "మీ అమ్మ గొంతు తీసుకుపో. బదులుగా నీ వినికిడి నాకివ్వు. నీకు ఇక ఏదీ వినపడదు. ఏ నొప్పీ ఉండదు. 'ఇచ్చాను' అని మూడుసార్లు రాయి."

నిజం చెప్పనా పిల్లలూ? వాడికి ఆశ కలిగింది. అమ్మ మళ్ళీ మాట్లాడుతుంది, తనకి నొప్పి ఉండదు. పదమూడేళ్ళు కావస్తోంది ఆ నొప్పితో. వేలు దానంతట అదే కదిలింది. 'ఇచ్చాను' అని రాసింది. 'ఇచ్చాను' అని రెండోసారి రాసింది.

అక్కడ ఆగింది. అమ్మ మాట్లాడుతుంది సరే, వినేదెవరు?

అప్పుడు వాడి బుర్ర పనిచేసింది. మూడోసారి రాయకుండా ఇలా రాశాడు: "నేను కంచరివాళ్ళ దగ్గర రెండేళ్ళున్నాను. వాళ్ళు మోగించి చూడకుండా చెంబు కూడా తీసుకోరు. ఈ జాడీలో ఉన్నది మా అమ్మ గొంతేనని నాకేం నమ్మకం? మూత వెంట్రుకవాసి తెరువు."

సిద్ధుడు పంజరం తడుముకుని చూసుకున్నాడు. ఏడు బొంతలూ గట్టిగా ఉన్నాయి. రాణిది ఎంత సన్నని గొంతో వాడికి తెలుసు. దూది దాటి ఏ చప్పుడు పోతుంది అనుకున్నాడు. వెయ్యి రకాల చప్పుళ్ళు పట్టినవాడు, ఆ తల్లి ఏళ్ళ తరబడి ఎక్కడ కూర్చుని మాట్లాడిందో మాత్రం అడగలేదు. మూత వెంట్రుకవాసి జరిపాడు.

"అన్నం తిన్నావా, నాన్నా?"

ఆ గొంతు ఒక బొంత దాటింది. రెండోది దాటింది. మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఏడూ దాటింది. లోపల చిలక తల పక్కకి తిప్పింది. పుట్టి మూడు వందల ఏళ్ళకి మొదటిసారి ఒక మాట విన్నది. చిలక జాతి కదా, ఊరుకుంటుందా?

"అన్నం తిన్నావా, నాన్నా?" అంది.

సిద్ధుడి చేతులు చెవుల మీంచి జారిపోయాయి. ఒడ్డున ఒక అల చప్పుడుతో విరిగింది. ఆ ముసలివాడు ఆ అల విన్నాడు. ముఖం ముడతలు విప్పుకుంది. అలాగే పక్కకి ఒరిగిపోయాడు, ఏడేళ్ళ పిల్లవాడు పీట మీంచి ఒరిగినట్టే. శత్రువు చచ్చాడని పుష్పకేతుకి సంతోషం కలగలేదు. కూర్చుని ఏడ్చాడు, ఈసారి చప్పుడు చేసి ఏడ్చాడు.

పంజరం విప్పి చిలకని వదిలాడు. మిగతా జాడీలన్నిటికీ మూతలు వెంట్రుకవాసి జరిపాడు, ఏ దేశం చప్పుళ్ళు ఆ దేశానికి మెల్లగా పోయేలాగా. ధ్వజపురి జాడీలు నాలుగూ తీసుకుని తాబేలు వీపెక్కాడు. ఒడ్డు చేరాక వీరమ్మనీ గిరిజనీ బతిమాలాడు. అరవై ఇళ్ళవాళ్ళూ బండ్లు కట్టుకుని అతని వెంట బయల్దేరారు. సంతోషంగా కాదు, సగం మంది తిట్టుకుంటూనే.

తీరా ధ్వజపురి చేరితే ఏమైందో తెలుసా? బండి ఇరుసు కీచుమన్నదని ఊరంతా చెవులు మూసుకుని ఇళ్ళల్లోకి పరుగెత్తింది. అన్నేళ్ళు చప్పుడు లేకుండా బతికి బతికి అందరి చెవులూ పుష్పకేతు చెవుల్లాగే అయిపోయాయి. రాజు కోట మీంచి సైగ చేశాడు: "ఆ జాడీలు తెరవకు. పాతిపెట్టెయ్." అన్నలిద్దరూ చేతులు జోడించారు. మాలినీదేవి పరుగున వచ్చి కొడుకుని పట్టుకుంది. నాలుగో జాడీ చేతిలో పెడితే, దాన్ని చూసి, కొడుకు చెవులు చూసి, మూత మీద గట్టిగా అరచెయ్యి అదిమి పట్టుకుంది. తన గొంతు వాడికి ఎక్కడ గుచ్చుకుంటుందోనని ఆమె భయం.

"ఊరినంతా చాప మీద కూర్చోబెట్టలేం గదా. కొలిమినే జరుపుదాం" అంది వీరమ్మ.

కోటకి నాలుగు వందల బారల దూరంలో కొలిమి వేశారు. రోజుకో బార ముందుకి జరిపారు. కొలిమి జరిగినకొద్దీ మూడు జాడీల మూతలూ వెంట్రుకవాసి చొప్పున తెరుచుకున్నాయి. మొదట ఒక పిచ్చుక కూత వచ్చింది. ఊరు వణికిపోయింది. నెల తిరిగాక రెండో కూత వచ్చింది. ఒక తల్లి మణికట్టు దారం తెంపేసి వీధిలో నిలబడి బిడ్డ ఏడుపు వింటూ ఉండిపోయింది. రాజు ప్రతి పొద్దూ బురుజు మీంచి చూసేవాడు. తను తరిమేసినవాళ్ళు రోజుకో బార తన వైపు వస్తున్నారు.

కొలిమి కోట గుమ్మం దగ్గరికి వచ్చిన రోజు రాజు చెప్పుల్లేకుండా దిగి వచ్చాడు. అన్నేళ్ళ తర్వాత నోరు విప్పాడు. "తప్పు నాది. మీ ఆయన చెప్పాడు, నేను వినలేదు" అన్నాడు.

వీరమ్మ సుత్తి దించలేదు. "నిన్ను చమించడం నా వల్ల కాదు రాజా. నా మొగుడు తిరిగి రాడు. ఆ గంట కరిగించి ఇంటింటికీ కంచాలు పోస్తాం, తినండి. అంతవరకే" అంది. రాజు మర్నాడే కిరీటం చిన్నకొడుక్కి ఇచ్చేశాడు. అన్నలిద్దరూ "నొప్పి తెలిసినవాడు నువ్వే, నువ్వే ఏలు" అన్నారు.

పుష్పకేతు గిరిజని పెళ్ళాడాడు. నలభై ఏళ్ళు రాజ్యం ఏలాడు. చెవులు పూర్తిగా నయం కాలేదు. కొన్ని రోజులు సభ మధ్యలో లేచి తోటలోకి వెళ్ళి కూర్చునేవాడు. మంత్రులు సభ ఆపి ఎదురుచూసేవారు. మైనం మాత్రం మళ్ళీ ముట్టుకోలేదు.

పెళ్ళి దాకా చెప్పేశాను గానీ, పెళ్ళికి ముందు రోజు సంగతి మిగిలింది.

మాలినీదేవి ఆ నాలుగో జాడీని ఒళ్ళో పెట్టుకునే తిరిగేది, తెరిచేది కాదు. పుష్పకేతు వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాడు. "అమ్మా, ఏడు సముద్రాలు దాటింది ఈ గొంతు కోసం. తెరువు" అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. వాడు ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విప్పాడు. మూత తీశాడు.

మాలినీదేవి గొంతు సవరించుకుంది. సన్నగా, దారంలా, "నాన్నా" అంది. ఆగింది. కొడుకు చేతులు చెవుల మీదికి పోలేదు. కొంచెం గట్టిగా "నాన్నా" అంది. పోలేదు. అప్పుడు ఆమె లోపల అన్నేళ్ళుగా అణిచిపెట్టుకున్నదంతా ఒక్కసారి బయటపడింది.

"చెప్పకుండా పోతావట్రా? కన్నతల్లిని గడప మీద వదిలేసి మూడేళ్ళు! బతికున్నావో లేదో తెలియక రోజూ ఏడ్చి చచ్చాను! బుద్ధుందా నీకు? ఒళ్ళెలా చిక్కిపోయిందో చూసుకున్నావా, వెధవా!"

కోట గోడలు అదిరేంత గట్టిగా తిట్టింది. పావురాలు ఎగిరిపోయాయి. అన్నలిద్దరూ పరిగెత్తుకొచ్చారు. ఏడో ఏటి తర్వాత ఆ పిల్లవాణ్ణి అమ్మ గట్టిగా తిట్టడం ఇదే మొదలు. చెవుల్లో సూదులు గుచ్చుకుంటూనే ఉన్నాయి. కళ్ళ వెంట నీళ్ళు కారుతూనే ఉన్నాయి. పుష్పకేతు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, అలాగే కూర్చుని, "ఇంకా తిట్టమ్మా" అన్నాడు.

అదిగో, బయట ఎవరి అమ్మో పిలుస్తోంది. వెళ్ళండి. రెండోసారి పిలిపించుకోకుండా వెళ్ళండి.